ఇంటి సిమ్యులేటర్‌తో పైలట్ శిక్షణకు సిద్ధమవడం ఎలా?

కొన్నేళ్ల కిందట నా దగ్గరికి ఒక కుర్రాడు మొదటి సార్టీకి, అంటే శిక్షణ విమానంలో మొదటిసారి గాల్లోకి వెళ్లడానికి, వచ్చాడు. ఇంట్లో కంప్యూటర్ మీద మూడేళ్లుగా విమానాలు నడుపుతున్నానని ముందే చెప్పాడు. చెక్‌లిస్ట్ గడగడా చదివేశాడు. ఏ స్విచ్ ఎక్కడుందో వెతుక్కోలేదు. బాగానే ఉందే అనుకున్నాను. గాల్లోకి లేచాక చూస్తే అతని కళ్లు డయల్స్ మీద నుంచి కదలడం లేదు. ఎత్తు 20 అడుగులు తగ్గితే యోక్ (విమానం నడిపే చక్రం) లాగుతాడు, 30 అడుగులు పెరిగితే తోస్తాడు. ఎదురుగా అద్దంలోంచి ఆకాశమూ నేలా కలిసే గీత అంత స్పష్టంగా కనిపిస్తున్నా అటు చూడడు. చివరికి నా ఒళ్లో ఉన్న మ్యాప్ తీసి డయల్స్‌కు అడ్డం పెట్టి, "ఇప్పుడు నడుపు" అన్నాను. రెండు నిమిషాలు బిత్తరపోయాడు. తర్వాత విమానం దానంతటదే నిలకడగా వెళ్లింది. కానీ ఆ అలవాటు పూర్తిగా వదలడానికి ఆరేడు సార్టీలు పట్టింది. గంటకు వేలల్లో ఖర్చయ్యే సార్టీలవి.

అతని తెలివితేటలకేం లోటు లేదు. ఇంట్లో తెర మీద అతనికి కనిపించిందే డయల్స్. సగం తెర వాటికే పోయి, బయటి దృశ్యం కిటికీ సందులోంచి చూసినట్టుంటుంది. కళ్లు దానికే అలవాటుపడ్డాయి. సిమ్యులేటర్‌తో చిక్కే ఇది: ఒప్పును ఎంత గట్టిగా నేర్పుతుందో తప్పునూ అంతే గట్టిగా నేర్పుతుంది. పైగా పక్కన కూర్చుని "అది కాదయ్యా" అనే మనిషి ఉండడు. అందుకే ఇంట్లో ఏది నేర్చుకోవాలో, ఏది ముట్టుకోకూడదో ముందే తేల్చుకుని మొదలుపెట్టండి.

ఏ సిమ్యులేటర్ దేనికి పనికొస్తుంది

ఇంట్లో మీరు పెట్టుకునేది ఎంత ఖరీదైనదైనా లాగ్‌బుక్ (ఎగిరిన గంటలు రాసే పుస్తకం) దృష్టిలో అది ఆటబొమ్మే. అందులో వెయ్యి గంటలు నడిపినా ఒక్క నిమిషం కూడా లైసెన్సుకు లెక్కకు రాదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ముందే చెప్పేయండి, తర్వాత గొడవ ఉండదు.

రెండోది ఫ్లయింగ్ స్కూల్లో ఉండేది. కదలని క్యాబిన్, నిజం విమానంలో ఉన్నట్టే ప్యానెల్, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆమోదం. ఇందులో గంటలు కొంతవరకు లెక్కకు వస్తాయి. మన దగ్గర కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో ఇన్‌స్ట్రుమెంట్ సమయం, అంటే బయటికి చూడకుండా డయల్స్‌తోనే నడిపిన సమయం, 10 గంటలు ఉండాలి, దాంట్లో గరిష్ఠంగా 5 గంటలు ఆమోదం పొందిన సిమ్యులేటర్‌లో చేయవచ్చు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (అలా మబ్బుల్లోనూ నడిపే అర్హతకు) కావాల్సిన 40 గంటల్లో 20 వరకు సిమ్యులేటర్‌వి ఒప్పుకుంటారు. చేరే ముందు ఈ నిబంధనల తాజా ప్రతిని డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

మూడోది ఎయిర్‌లైన్ పైలట్లు ఎక్కే ఫుల్ ఫ్లైట్ సిమ్యులేటర్. ఆరు కాళ్ల మీద నిలబడి అటూ ఇటూ ఊగే పెద్ద తెల్లటి గది. వీటిలో అన్నిటికన్నా పై స్థాయి లెవెల్ డి. అనుభవమున్న పైలట్ కొత్త రకం విమానాన్ని పూర్తిగా ఇందులోనే నేర్చుకుని, నిజం విమానంలో మొదటి ల్యాండింగ్ ప్రయాణికులతోనే చేసే పద్ధతి కూడా ఉంది. పక్క సీట్లో శిక్షణ ఇచ్చే కెప్టెన్ ఉంటాడనుకోండి. దీని దగ్గరికి చివర్లో వద్దాం.

ఏం కొనాలి

మంచి కంప్యూటర్ ఇప్పటికే ఉంటే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ గానీ ఎక్స్-ప్లేన్ గానీ తీసుకోండి. డబ్బు పెట్టే ఉద్దేశం లేకపోతే ఫ్లైట్‌గేర్ ఉచితంగా దొరుకుతుంది, మొదటి ఆరు నెలలకు అదీ చాలు. బొమ్మలు ఎంత అందంగా ఉన్నాయన్నది పట్టించుకోకండి. మేఘాలు ఎంత ముచ్చటగా ఉన్నా మీ సర్క్యూట్ (టేకాఫ్ చేసి రన్‌వే చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) బాగుపడదు.

డబ్బంతా జాయ్‌స్టిక్ మీద పెట్టి పెడల్స్ మానేయడం చాలామంది చేసే పొరపాటు. నేనైతే మామూలు జాయ్‌స్టిక్ కొని, మిగిలిన డబ్బుతో రడ్డర్ పెడల్స్ (తోక మీది చుక్కానిని కాళ్లతో తిప్పేవి) కొనమంటాను. ఒంటి ఇంజిన్ శిక్షణ విమానాల్లో పూర్తి పవర్‌తో ఎక్కుతున్నప్పుడు ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి కాలితో ఆపాలి. పెడల్స్ లేనివాళ్ల కోసం సాఫ్ట్‌వేర్ ఆ పని తనే చేసేస్తుంది. దాంతో కాళ్లకు పనే లేదనే అలవాటు పడుతుంది, నిజం విమానంలో మొదటి రోజే అది బయటపడుతుంది. పెడల్స్ వచ్చాక సెట్టింగుల్లోకి వెళ్లి ఆటో రడ్డర్ లాంటి సహాయాలన్నీ ఆపేయండి.

విమానం విషయంలో ఒకటే నియమం. మీరు చేరబోయే స్కూల్లో ఏది ఉందో కనుక్కుని అదే నడపండి. సెస్నా 172 అయితే 172, డైమండ్ డీఏ40 అయితే అదే. ప్యానెల్ కూడా అదే ఉండాలి. గుండ్రటి డయల్స్ ఉన్న విమానం వేరు, డయల్స్ బదులు జీ1000 అనే కంప్యూటర్ తెరలున్నది వేరు. బోయింగ్, ఎయిర్‌బస్‌ల జోలికి ఇప్పుడే పోకండి. ఆటోపైలట్ పెట్టి దుబాయ్ దాకా వెళ్లడం సరదాగానే ఉంటుంది, నేనూ చేశాను. కానీ దానికి శిక్షణ అని పేరు పెట్టుకోకండి.

మరో చిన్న పని. ఈ సాఫ్ట్‌వేర్లలోని సెస్నాలు ఎక్కువగా అమెరికా పద్ధతిలో ఉంటాయి. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పీడనం అంగుళాల్లో ఉంటుంది. మన దగ్గర టవర్ చెప్పేది హెక్టోపాస్కల్స్‌లో. ప్రామాణిక పీడనం వాళ్లకు 29.92, మనకు 1013. మొదటి రోజే మన యూనిట్లకు మార్చుకోండి.

కుర్చీ, తెర, చూపు

నా దగ్గరికి వచ్చిన ఆ కుర్రాడి జబ్బుకు మందు ఈ సెట్టింగులోనే ఉంది. కెమెరాను పైకి, కాస్త వెనక్కి జరిపి, తెరలో కనీసం మూడింట రెండు వంతులు బయటి దృశ్యమే ఉండేలా పెట్టండి. కింద స్పీడు, ఎత్తు చూపించే రెండు డయల్స్ కనిపిస్తే చాలు. ఎడమకు, కుడికి, వెనక్కి చూడడానికి మీటలు కేటాయించుకోండి. తిరిగే ప్రతిసారీ, తిరగబోయే వైపు ముందు చూసి, "క్లియర్" అని పైకి అనండి. గదిలో ఒక్కరే కూర్చుని అలా అనడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. అయినా అనండి.

ఆ తర్వాత వాన వెలిసిన రోజు ఉండేలాంటి స్పష్టమైన వాతావరణం పెట్టుకుని, ప్యానెల్‌ను అట్టముక్కతో మూసేయండి. నిజం అట్టముక్కే, తెరకు అతికించండి. ముక్కు పైభాగానికీ క్షితిజరేఖకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే విమానం సమంగా పోతోందో కళ్లతో గుర్తుపట్టండి. అయిదు నిమిషాలకోసారి అట్ట తీసి ఎత్తు ఎంత మారిందో చూడండి. మొదట్లో 400 అడుగులు తేడా వస్తుంది. వారం తిరిగేసరికి 100 లోపలికి వస్తుంది.

కంప్యూటర్ ఆపేసి చేసే పని

నిజానికి మొదటి రెండు వారాలు సిమ్యులేటర్ అక్కర్లేదు. విమానం హ్యాండ్‌బుక్‌లోంచి చెక్‌లిస్టులు కాగితం మీద చేతిరాతతో రాసుకోండి. ప్యానెల్ బొమ్మను పెద్దగా ప్రింట్ తీసి గోడకు అంటించి, దాని ఎదుట కుర్చీ వేసుకుని కూర్చోండి. ఇంధనం సెలెక్టర్, మిక్స్చర్ (ఇంధనం, గాలి పాళ్లు మార్చే మీట), మాస్టర్ స్విచ్ అంటూ ఒక్కొక్కటీ వేలితో తాకుతూ, పైకి చెబుతూ వెళ్లండి. టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా మొత్తం సర్క్యూట్ ఇలా కుర్చీలోనే నడపవచ్చు. ఎయిర్‌లైన్లలో కొత్త విమానం నేర్చుకుంటున్న సీనియర్ కెప్టెన్లు కూడా హోటల్ గదిలో గోడకు పోస్టర్ అంటించుకుని ఇదే చేస్తారు.

స్పీడ్లు కంఠతా రావాలి. 172ఎస్ అయితే 55 నాట్ల దగ్గర ముక్కు ఎత్తడం, బాగా ఎక్కడానికి 74, ఇంజిన్ ఆగితే గ్లైడ్‌కు 68, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు) పూర్తిగా దించడానికి 85 లోపు. పాత 172 మోడళ్లకు అంకెలు వేరు. మీ స్కూలు విమానం హ్యాండ్‌బుక్ చూసి రాసుకోండి.

పవర్, యాటిట్యూడ్, ట్రిమ్

ఇప్పుడు గాల్లోకి వెళ్దాం. మొదటి పది గంటలు ఎక్కడికీ వెళ్లకండి. 3,000 అడుగుల్లో సమంగా నడపడం, ఎక్కడం, దిగడం, తిరగడం, అంతే. ఒక నోటు పుస్తకం పెట్టుకుని మీరే ఒక పట్టిక తయారుచేసుకోండి. ఇంత ఆర్‌పీఎం, ముక్కు ఇంత ఎత్తులో పెడితే స్పీడు ఎంత, నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కింది లేదా దిగింది. ఎవరో ఇచ్చిన అంకెలు మర్చిపోతారు, సొంతంగా కనుక్కున్నవి గుర్తుంటాయి. చాలా మార్పులకు వరుస ఒకటే: ముందు పవర్, తర్వాత యాటిట్యూడ్, అంటే ముక్కు సరైన చోట పెట్టి పట్టుకోవడం, స్పీడు కుదిరేదాకా ఆగడం, చివర్లో ట్రిమ్. మీ స్కూలు వాళ్లు కొన్ని సందర్భాలకు వరుస మార్చి నేర్పితే వాళ్ల మాటే వినండి.

ట్రిమ్ దగ్గర ఇంటి సిమ్యులేటర్ కాస్త మోసం చేస్తుంది. నిజం విమానంలో యోక్‌ను పట్టుకున్నప్పుడు చేతికి బరువు తెలుస్తుంది, ట్రిమ్ చక్రం తిప్పుతుంటే ఆ బరువు కరిగిపోతుంది. స్ప్రింగ్ జాయ్‌స్టిక్‌కు ఆ బరువు ఉండదు, వదిలితే మధ్యకు వచ్చేస్తుంది. అందుకని ట్రిమ్‌తోనే విమానాన్ని ఎక్కించడం, దించడం చాలామందికి అలవాటైపోతుంది. అది వద్దు. స్టిక్‌తో ముక్కును పట్టుకోండి, ట్రిమ్ కొద్దికొద్దిగా తిప్పుతూ స్టిక్‌ను మెల్లగా మధ్యకు రానివ్వండి. చేయి తీసేసినా ముక్కు అక్కడే ఉంటే ట్రిమ్ కుదిరినట్టు.

స్టాల్స్ (రెక్కలు విమానాన్ని గాల్లో మోసే బలం కోల్పోవడం), స్పిన్‌లు (అలా కోల్పోయి గిరగిరా తిరుగుతూ పడడం) ఇంట్లో నేర్చుకోకండి. స్టాల్‌కు దగ్గరవుతున్నప్పటి హెచ్చరికను గుర్తుపట్టడం వరకు సరే. ఆ గీత దాటాక విమానం ఎలా ప్రవర్తిస్తుందన్నది ఇంటి సాఫ్ట్‌వేర్‌లో నమ్మదగ్గదిగా ఉండదు. ఖరీదైన సిమ్యులేటర్లకే ఈ లోటు చాలాకాలం ఉండేది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం, అదే ఏడాది జూన్‌లో అట్లాంటిక్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 447 స్టాల్ అయి కూలాయి. ఆ తర్వాతే అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్లకు సిమ్యులేటర్‌లో పూర్తి స్టాల్ శిక్షణ తప్పనిసరి చేసి, దానికి తగ్గట్టు సిమ్యులేటర్లను మార్పించారు.

మీ ఊరి రన్‌వే మీద సర్క్యూట్లు

సర్క్యూట్లు మీరు నిజంగా ఎగరబోయే చోటే చేయండి. బేగంపేటలో నేర్చుకోబోతుంటే బేగంపేటే. రన్‌వే 09/27, ఎత్తు సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగులు. నేల నుంచి 1,000 అడుగుల సర్క్యూట్ అంటే ఆల్టిమీటర్ 2,740 దగ్గర ఉండాలి. డౌన్‌విండ్‌లో (రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు వ్యతిరేకంగా వెళ్లే భాగంలో) ఎక్కడ తిరగాలో చెప్పే గుర్తు ఏది, హుస్సేన్‌సాగర్ ఎటువైపు కనిపించాలి, ఇవన్నీ ముందే కళ్లకు అలవాటవుతాయి. గన్నవరం దాదాపు సముద్రమట్టానికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి అక్కడి అంకెలు వేరు. ఒక ఊరి అంకెలు బట్టీపట్టి ఇంకో ఊళ్లో వాడితే పప్పులో కాలేసినట్టే.

ఒక ప్రయోగం చేయండి. బేగంపేటలో ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెట్టి టేకాఫ్ చేసి, ఎక్కే వేగం రాసుకోండి. తర్వాత మే నెల మధ్యాహ్నంలా 40 డిగ్రీలు పెట్టి, నలుగురు మనుషుల బరువు ఎక్కించి మళ్లీ చేయండి. ఆ ఎండలో గాలి పలచబడి, విమానానికి తాను 5,000 అడుగుల ఎత్తులో ఉన్న రన్‌వే మీద ఉన్నట్టే ఉంటుంది. డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే పాఠం పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కనిది, ఈ రెండు టేకాఫ్‌లతో ఎక్కుతుంది. ఫ్లయింగ్ స్కూళ్లలో సార్టీలు తెల్లవారుజామునే ఎందుకు పెడతారో కూడా అర్థమవుతుంది.

ఇక ల్యాండింగ్. ఫైనల్ (రన్‌వేకు ఎదురుగా దిగే చివరి భాగం) దాకా సిమ్యులేటర్ చక్కగా నేర్పుతుంది. స్పీడు 65 దగ్గర నిలపడం, రన్‌వే అద్దంలో ఒకే చోట కదలకుండా ఉంచడం, ఎడమకో కుడికో జారితే సర్దడం. చివరి 20 అడుగులు మాత్రం నేర్పలేదు. నేల దగ్గరవుతున్న తీరు మనకు కంటి అంచుల్లో తెలుస్తుంది, చదునైన తెరలో ఆ అంచులే ఉండవు. అందుకని ఇంట్లో మెత్తగా దిగడం కోసం గంటలు ధారపోయకండి. దానికి బదులు 50 అడుగుల దగ్గర గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) చేయండి. పూర్తి పవర్, ముక్కు ఎత్తడం, ఫ్లాప్స్ మెట్టు మెట్టుగా తీయడం. ప్రతి మూడు సర్క్యూట్లలో ఒకటి ఇలా ముగించండి. కొత్త విద్యార్థులకు గో అరౌండ్ అంటే ఓడిపోయినట్టు అనిపిస్తుంది. ఇంట్లో వందసార్లు చేసినవాడికి అది మామూలు పనే.

ఇన్‌స్ట్రుమెంట్ ఫ్లయింగ్: అసలు లాభం ఇక్కడే

ఇంతదాకా డయల్స్ చూడొద్దని పోరుపెట్టాను. ఇప్పుడు పూర్తిగా తిరగేస్తున్నాను. కనీసం సోలో (ఒంటరిగా ఎగరడం) అయ్యాక ఈ దశకు రండి. ఇక్కడ మాత్రం ఇంటి సిమ్యులేటర్ పెట్టిన ప్రతి రూపాయినీ తిరిగి ఇస్తుంది. మబ్బులో ఉన్నప్పుడు నిజం విమానంలోనూ కనిపించేది డయల్సే కదా.

సిమ్యులేటర్‌కు మొదట గిరాకీ తెచ్చింది కూడా ఈ అవసరమే. అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్‌లోకి గాలి ఊదే తిత్తులూ పంపులూ వాడి లింక్ 1929లో అటూ ఇటూ ఒరిగే చిన్న విమానం బొమ్మ లాంటిది చేశాడు. కొన్నేళ్లు దాన్ని ఎక్కువగా వినోదం పార్కుల వాళ్లే కొన్నారు. 1934లో అక్కడి సైన్యం విమానాల్లో ఉత్తరాలు మోసే పని నెత్తికెత్తుకుంది. డయల్స్ చూసి నడపడం సరిగ్గా రాని పైలట్లు మంచులో, చీకట్లో వరుసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు సైన్యం ఆరు లింక్ ట్రైనర్లు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి అందులో శిక్షణ పొందిన పైలట్లు అయిదు లక్షల పైమాటే.

ఇంట్లో ఎలా చేయాలంటే, మొదట మేఘాలు నేల నుంచి 500 అడుగులకు దించి, బయట ఏమీ కనపడకుండా చేసుకోండి. కృత్రిమ హొరైజన్‌ను మధ్యలో పెట్టుకుని చూపు అక్కడి నుంచి ఎత్తుకు, మళ్లీ హొరైజన్‌కు, అక్కడి నుంచి హెడ్డింగ్‌కు (ముక్కు ఉన్న దిశకు), మళ్లీ హొరైజన్‌కు, తర్వాత స్పీడుకు తిప్పండి. ఏ డయల్ మీదా రెండు సెకన్లు మించి నిలవకండి. సెకనుకు 3 డిగ్రీల ప్రామాణిక టర్న్‌కు ఎంత ఒరగాలో ఒక చిట్కా ఉంది: నాట్లలో స్పీడును 10తో భాగించి 7 కలపండి. 90 నాట్లకు 16 డిగ్రీలు. స్టాప్‌వాచ్ పెట్టి రెండు నిమిషాల్లో సరిగ్గా ఒక చుట్టు వస్తోందేమో చూసుకోండి.

తర్వాత వీఓఆర్, అంటే దారి చూపే నేల మీది రేడియో స్టేషన్. దాని నుంచి బయల్దేరే ఒక దిశ గీతను, అంటే రేడియల్‌ను, పట్టుకుని వెళ్లడం, దూరమవడం, స్టేషన్ దాటడం. ఆ తర్వాత హోల్డింగ్, అంటే ఒకే చోట చుట్లు కొడుతూ వేచి ఉండడం. ఇది చాలామందికి తలనొప్పి. కాగితం మీద బొమ్మ గీసుకోకుండా హోల్డ్‌లోకి వెళ్లకండి. ఎటు నుంచి వస్తున్నారో చూసి హోల్డ్‌లోకి వెళ్లే మూడు పద్ధతులైన డైరెక్ట్, ప్యారలల్, టియర్‌డ్రాప్‌లలో ఏదో తేల్చి, పైకి చెప్పి, అప్పుడే తిరగండి. ఇక్కడ పాజ్ బటన్ మీ గురువు. బుర్ర తికమకపడగానే ఆపండి, కాగితం మీద మీరెక్కడున్నారో చుక్క పెట్టండి, మళ్లీ కదిలించండి. నిజం విమానంలో ఏ ఇన్‌స్ట్రక్టరూ గాలిని ఆపి మీకు పాఠం చెప్పలేడు. కానీ నెల తర్వాత పాజ్‌ను పూర్తిగా మానేయాలి, లేకపోతే అదొక ఊతకర్ర అవుతుంది.

ఐఎల్ఎస్‌కు (మబ్బులో రన్‌వే దాకా దారి చూపే రేడియో సంకేతాలకు) శంషాబాద్ పెట్టుకోండి. రన్‌వేకు 10 మైళ్ల దూరంలో ఒక స్థానం సేవ్ చేసుకుని అక్కడి నుంచే మళ్లీ మళ్లీ మొదలుపెట్టండి. నిజం విమానంలో గంటకు మూడో నాలుగో అప్రోచ్‌లు అవుతాయి, ఇక్కడ ఎనిమిది చేయవచ్చు. 3 డిగ్రీల గ్లైడ్‌స్లోప్ (దిగే వాలు) మీద నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలంటే, గ్రౌండ్‌స్పీడును 5తో హెచ్చించండి. 90 నాట్లకు 450. ఐఎల్ఎస్ డయల్‌లోని సూదులను వెంటాడకండి, ఈ అంకెను పట్టుకుని చిన్నచిన్నగా సర్దండి. రన్‌వే నుంచి 200 అడుగుల ఎత్తులో ఏమీ కనపడకపోతే గో అరౌండ్, వాదనల్లేవ్.

గుండ్రటి డయల్స్ విమానమైతే హొరైజన్‌ను నడిపే వాక్యూమ్ పంప్ చెడగొట్టి చూడండి. హొరైజన్ ఒక్కసారిగా ఆగిపోదు, నెమ్మదిగా పక్కకు ఒరుగుతుంది. దాన్ని నమ్మి మీరూ ఒరుగుతారు. విమానం తిరుగుతోందో లేదో చూపే టర్న్ కోఆర్డినేటర్‌తో పోల్చి అబద్ధం ఎవరిదో పట్టుకోవడమే ఈ వ్యాయామం.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. నిజం మబ్బులో మీ లోపలి చెవి "తిరుగుతున్నావు" అని అబద్ధం చెబుతుంది. ఇంటి కుర్చీ ఎన్నటికీ ఆ అబద్ధం చెప్పదు. ఇంట్లో ఎంత బాగా వచ్చినా మొదటిసారి మబ్బులో కడుపులో తిప్పినట్టయితే కంగారుపడకండి, అందరికీ అంతే.

ఆర్‌టీ (రేడియోలో మాట్లాడడం): నోరు తిరగాలి

తెలుగు మీడియంలో చదువుకున్న పిల్లలు విమానం కన్నా రేడియోకే ఎక్కువ భయపడడం చూశాను. ఇంగ్లిష్ రాక కాదు, వేగానికి. దీనికి వ్యాట్‌సిమ్ లాంటి ఆన్‌లైన్ నెట్‌వర్కులు బాగా పనికొస్తాయి. స్వచ్ఛందంగా కంట్రోలర్లుగా కూర్చునేవాళ్లు నిజం టవర్ లాగే మాట్లాడతారు, మీరు బదులివ్వాలి. మొదటి వారం ఊరికే వినండి. రెండో వారం కాగితం మీద రాసుకుని మాట్లాడండి. రన్‌వే, క్లియరెన్స్, క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టే పీడనం), హెడ్డింగ్, ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌లో మిమ్మల్ని గుర్తుపట్టే అంకెలు) తిరిగి చదవాల్సినవే, "రోజర్" అని ఊరుకోకూడదు. అర్థం కాకపోతే "సే అగైన్" అనండి. అడిగినందుకు ఎవరూ నవ్వరు, తప్పుగా విన్నందుకే ప్రమాదం.

ఎమర్జెన్సీలు మీరే పెట్టుకోకండి

ఇంజిన్ ఎప్పుడు ఆగుతుందో మీకు ముందే తెలిస్తే అది ఎమర్జెన్సీ కాదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ పోయిన ఎయిర్‌బస్‌ను హడ్సన్ నదిలో దించారు, 155 మందీ బతికారు. తర్వాత దర్యాప్తులో సిమ్యులేటర్‌లో పరీక్షించినప్పుడు, పక్షులు తగిలిన క్షణమే వెనక్కి తిరిగిన పైలట్లలో కొందరు రన్‌వేకు చేరగలిగారు. ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి 35 సెకన్లు ఆలస్యం కలిపి చూస్తే చేరలేకపోయారు. ఆ 35 సెకన్లే సిమ్యులేటర్‌లో మనం మర్చిపోయేది.

అందుకని తమ్ముడినో స్నేహితుడినో కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా ఎప్పుడో ఒకప్పుడు ఇంజిన్ ఆపేయమనండి. వాళ్లు దొరకకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఫెయిల్యూర్ ఎప్పుడొస్తుందో తెలియకుండా పెట్టే ఏర్పాటు ఉంటుంది. ఆగగానే మొదటి పని ముక్కు దించి 68 నాట్లు పట్టుకోవడం. ఆ తర్వాతే పొలం వెతకడం, ఆ తర్వాతే ఇంధనం, మిక్స్చర్, మాగ్నెటోలు (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) చూడడం. రేడియో చివర్న.

పెద్ద సిమ్యులేటర్‌లోకి వెళ్లే ముందు

లైసెన్సు వచ్చి టైప్ రేటింగ్‌కు (ఒక రకం పెద్ద విమానం నడిపే అర్హతకు) వెళ్లారనుకోండి. ఒక సెషన్ సాధారణంగా నాలుగు గంటలు. ఇద్దరు విద్యార్థులు, ఒకరు నడుపుతుంటే మరొకరు పర్యవేక్షణ, సగంలో మార్పు. ముందు బ్రీఫింగ్, తర్వాత డీబ్రీఫింగ్. ఈ గంటలు ఖరీదైనవి. స్విచ్ ఎక్కడుందో వెతకడానికి వాటిని వాడుకోకండి, ఆ పని గోడ మీది పోస్టర్‌తో ముందే అయిపోవాలి. మీ జోడీతో కలిసి కాల్ అవుట్లు (నడుపుతూ ఒకరికొకరు పైకి చెప్పుకునే మాటలు) రాత్రే వల్లించుకోండి. జోడీ బలహీనంగా ఉంటే విసుక్కోకుండా సాయం చేయండి, వాళ్లు తడబడితే మీ సమయమే పోతుంది.

గది కదలికలకు మురిసిపోకండి. టేకాఫ్‌లో వీపు సీటుకు అదుముకున్నట్టు అనిపిస్తుంది. నిజానికి గది వెనక్కి ఒరుగుతోంది, అంతే. తెరలోని దృశ్యం ఒరగదు కాబట్టి మెదడు దాన్ని వేగమనుకుంటుంది. చాలా తెలివైన మోసం, కానీ మోసమే.

ఆ మోసం ఎంత దూరం పోగలదో చూపించిన ఘటన ఒకటుంది. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 టేకాఫ్ అయిన కాసేపటికే ముందు విమానం వదిలిన గాలి సుడిలో చిక్కింది. కో పైలట్ రడ్డర్‌ను అటూ ఇటూ పూర్తిగా తొక్కడంతో నిలువు తోక విరిగిపోయింది. 265 మంది చనిపోయారు. ఆ విమానం రడ్డర్ తీరుతో పాటు, ఎయిర్‌లైన్ శిక్షణ కార్యక్రమంలోని కొన్ని అంశాలు కూడా దీనికి తోడయ్యాయని దర్యాప్తు తేల్చింది. ఆ శిక్షణలో సిమ్యులేటర్‌ను నిజంలో ఉండనంతగా పక్కకు ఒరగనిచ్చేవాళ్లు. మంచి ఉద్దేశంతో నేర్పిన పాఠమే అది. అందుకే సెషన్‌లో ఏదైనా ఎందుకు చేస్తున్నామో అర్థం కాకపోతే డీబ్రీఫింగ్‌లో అడగండి. "సర్, నిజం విమానంలో కూడా ఇలాగే ఉంటుందా?" అన్న ప్రశ్నకు మంచి ఇన్‌స్ట్రక్టర్ కోప్పడడు. ఎయిర్‌లైన్‌లో చేరాక ఆరు నెలలకోసారి చెక్ కోసం ఈ గదికి వస్తూనే ఉంటారు కాబట్టి, అడగడం ఇప్పుడే అలవాటు చేసుకోండి.

సార్టీ అయిన రోజు సాయంత్రం

ఇంటి సిమ్యులేటర్‌ను సార్టీకి ముందు వాడేవాళ్లే ఎక్కువ. నా లెక్కలో సార్టీ తర్వాత వాడితే రెట్టింపు లాభం. ఇంటికి రాగానే ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన తప్పులు మూడు వాక్యాల్లో రాయండి. బేస్ లెగ్ (ఫైనల్‌కు ముందు అడ్డంగా వెళ్లే భాగం) దూరం పోయింది, ఫైనల్‌లో 75 నాట్లు ఉన్నాయి, కుడి కాలు మర్చిపోయాను, ఇలాగ. సిమ్యులేటర్‌లో ఆ రోజు గాలి, ఆ రోజు క్యూఎన్‌హెచ్, అదే రన్‌వే పెట్టండి. పొద్దున మీ కళ్లకు రన్‌వే ఎలా కనిపించిందో గుర్తుచేసుకుని, తెరలో అలా లేకపోతే కెమెరా ఎత్తును ఇప్పుడు సరిచేయండి. నిజం చూసి బొమ్మను దిద్దుకోవాలి, బొమ్మను చూసి నిజాన్ని కాదు. మూడు సర్క్యూట్లు, ఒక్కో సర్క్యూట్‌లో ఒక్కో తప్పు మీదే దృష్టి. ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత దుబాయ్‌కి బయల్దేరకుండా కంప్యూటర్ ఆపేసి పడుకోండి, మర్నాడు మీ సార్టీ ఆరింటికే ఉంటుంది.